తొమ్మిది గంటల బస్సుకు వెళ్లాల్సిన అమ్మవారు

ఆ సోమవారం పొద్దున పద్మకుమారి వేసుకున్న లెక్క చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా పిల్లల్ని సిద్ధం చేయడం, తొమ్మిది గంటల బస్సుకు నెల్లిమర్ల నుంచి విజయనగరం, తొమ్మిదిన్నరకు నరసింగరావు స్టూడియోలో ఫోటో. అంతే. మొగుడు గణపతిరావు మిలట్రీలో ఉన్నాడు, ఎక్కడో మంచుకొండల్లో కాపలా. కూతురు అమ్మడికి నాలుగేళ్లు, దాన్ని ఒకసారి ఎత్తుకున్నాడు. కొడుకు జగన్నాధానికి ఏడాదిన్నర, వాణ్ణి ఇంతవరకు చూడనే లేదు. మూడుసార్లు సెలవు అడిగితే మూడుసార్లూ లేదన్నారు. సరిహద్దు కాయడానికి మనిషి కావాలి గానీ, ఆ మనిషికి కొడుకు పుట్టాడన్న సంగతి ఎవడికీ అక్కర్లేదు.

గణపతిరావుతో పనిచేసే లక్ష్మీనరసింహం సెలవు మీద బొబ్బిలి వచ్చాడు. గురువారం బండికి తిరిగి వెళ్లిపోతాడు. అతని చేతికి ఫోటో అందితే సరి, అందకపోతే మళ్లీ అటువైపు వెళ్లే మనిషి ఎప్పుడు దొరుకుతాడో తెలియదు. సోమవారం తీస్తేనే బుధవారానికి చేతికిస్తానని నరసింగరావు ముందే చెప్పేశాడు.

అడ్డం ఒక్కటే. వైశాఖపు ఎండలు, పిల్లల ఒళ్లంతా చెమటకాయలు. "మొహం మీద ఆవగింజంత పొక్కుంటే ఫోటోలో సెనగ్గింజంత కనిపిస్తుందమ్మా" అని నరసింగరావు భయపెట్టాడు. దానికి అత్తగారు అసిరమ్మ దగ్గర మందుంది. వేపాకూ పసుపుకొమ్మూ కలిపి నూరి మూడు రోజులుగా పట్టిస్తోంది. ఆవేళ ఆఖరి పట్టు. మనవణ్ణీ మనవరాలినీ అరుగు మీద కూర్చోబెట్టి, తల నుంచి కాళ్ల దాకా దట్టంగా పూసింది.

"కదిల్తే పగిలిపోతాది. నవ్వినా పగిలిపోతాది. మీ అయ్యకి మచ్చల మొకం సూపిస్తారేటి?" అని బెదిరించింది. పిల్లలు బిగుసుకుపోయారు. ఈగలు ముసురుతుంటే పక్కన కూర్చుని వేపమండతో విసురుతోంది.

ఎదురింటి గున్నమ్మ పిడక మీద నిప్పు తీసుకెళ్దామని వచ్చి, పిల్లల్ని చూసి అరుగు ముందు ఆగిపోయింది.

"ఏటే అసిరమ్మా, గుంటలకేటైనాది?"

"ఏటీ నేదు."

"ఏటీ నేకపోతే ఈ పసుపేటి, ఈ మండేటి?"

"ఏటీ నేదంటన్నాను కదా. నువ్వెల్లు."

అసిరమ్మ దాచడానికి కారణముంది. ఫోటోకు వెళ్లే బిడ్డకు దిష్టి ఇట్టే తగులుతుందని ఆమె నమ్మకం. గున్నమ్మ కన్ను మంచిది కాదని వీధి మొత్తం నమ్మకం. అయితే గున్నమ్మకూ ఒక నమ్మకముంది. మశూచి వచ్చిన ఇంట్లో దాని పేరెత్తరు, ఎత్తితే అమ్మవారికి కోపం. ఏమైందని అడిగితే ఏమీ లేదనే అంటారు. ఇక్కడ పసుపుంది, వేపమండ ఉంది, కదలని పిల్లలున్నారు, నోరు విప్పని ముసలమ్మ ఉంది. గున్నమ్మ నిప్పు మాట మరిచిపోయి, చెంపలు వాయించుకుంటూ వెనక్కి వెనక్కి నడిచి వెళ్లిపోయింది.

అరగంటలో వీధి తీరు మారిపోయింది. అమ్మవారున్న చోట తాలింపు చప్పుడు వినబడకూడదని ఇంటింటా పోపులు ఆపేశారు. ఎవరో వచ్చి అసిరమ్మ గుమ్మానికి వేపతోరణం కట్టారు. ఇంకెవరో వాకిట్లో పసుపునీళ్లు చల్లారు. పక్కింటి మరిడమ్మ పెరుగన్నం ముంత తెచ్చి అరుగు కింద పెట్టి దణ్ణం పెట్టింది. ఆ వెనకే ఇంకో నాలుగు ముంతలొచ్చాయి. చెడ్డ మనసుతో ఎవరూ ఏదీ చేయలేదు. అదే వచ్చిన చిక్కు.

లోపల నిప్పులు పోసిన చెంబుతో గౌను ఇస్త్రీ చేస్తున్న కోడలికి అసిరమ్మ కేకేసి చెప్పింది. "ఒలే పద్మా, ఫోటో సంగతి ఎలాగో బయటపడిపోనాది. మన గణపతంటే ఈ ఈదికెంత పేమో సూడు, బువ్వలు అంపుతన్నారు."

గున్నమ్మ బారెడు దూరంలో నిలబడి అమ్మడి వైపు చేతులు జోడించింది. "తల్లీ, మా మీద కోపం పెట్టుకోకు. సల్లగా ఎల్లిపోమ్మా."

అసిరమ్మకు కళ్లు చెమర్చాయి. "ఎల్తాది, ఎల్తాది. తొమ్మిది గంటల బస్సుకే."

గున్నమ్మ నోరు తెరుచుకుని ఉండిపోయింది. అమ్మవారు ఫలానా రోజు వెళ్తానని చెప్పడం ఆమె ఎరుగును. బస్సు టైము చెప్పడం ఇదే మొదలు.

తొమ్మిదికి పది నిమిషాలుందనగా పద్మకుమారి కొత్తబట్టల మూటతో బయటికొచ్చింది. పట్టు ఎంతసేపుంటే అంత మంచిదనీ, స్టూడియో దగ్గర కుళాయి కింద కడుగుదామనీ అసిరమ్మ పట్టుబట్టింది. పసుపు ముద్దల్లాంటి పిల్లల్ని చెరొకర్ని చంకనెత్తుకుని బయల్దేరేసరికి వీధి చివర డప్పు మోగింది. ముప్పైమంది వేపమండలు పట్టుకుని వెంటనడిచారు. పద్మకుమారికి అనుమానం వచ్చింది గానీ, అనుమానం తీర్చుకునేదాకా బస్సు ఆగదు.

బస్సు రానే వచ్చింది. డ్రైవరుకు ముందు డప్పు కనిపించింది, తర్వాత వేపమండలు, తర్వాత తన బస్సుకు సాగిలపడి మొక్కుతున్న జనం, వాళ్ల నడుమ పచ్చటి పిల్లలిద్దరు. కండక్టరు మెట్టు మీద వేలాడుతూ దణ్ణం పెట్టాడు.

"అమ్మోరిని నా బండిలో ఎక్కించుకోను తల్లీ. నాకూ పిల్లలున్నారు."

బెల్లు కొట్టాడు. బస్సు ఆగకుండానే పోయింది.

"అమ్మోరేటి?" అంది పద్మకుమారి.

"మీ ఇంట ఉన్న తల్లే" అంది గున్నమ్మ.

"ఇవి సెమటకాయలు గున్నమ్మత్తా."

"అలాగే అనాలి. నువ్వు తెలిసిందానివి."

కాదన్న కొద్దీ నమ్మకం గట్టిపడింది. జట్కావాడు పద్మకుమారిని చూడగానే గుర్రాన్ని తిప్పేసుకున్నాడు. తర్వాతి బస్సు మధ్యాహ్నం గానీ లేదు, దానికీ కండక్టరు ఉంటాడు. పద్మకుమారి మైలురాయి మీద కూలబడింది.

"గురువారం ఆ బొబ్బిలాయన ఎల్లిపోతాడత్తా. మీ అబ్బాయి తన కొడుకు మొకం ఎలాగుంటాదో తెలీకుండా ఇంకో ఏడు గడపాలి."

అసిరమ్మ దగ్గర దీనికి మందు లేదు. పిల్లల్ని మళ్లీ ఇంటికి తీసుకొచ్చారు.

ఆ వీధివాళ్లు మంచినీళ్ల బావి కోసం నాలుగేళ్లలో ఏడు అర్జీలు పెట్టుకున్నారు. ఒక్క బంట్రోతు కూడా తొంగిచూడలేదు. మశూచి అని కండక్టరు విజయనగరంలో నోరు జారేసరికి మాత్రం గంటన్నరలో జీపు దిగింది. అందులోంచి హెల్తు ఇన్‌స్పెక్టరు దిగాడు, టీకాల పెట్టె పట్టుకుని ఒకడు దిగాడు, మూడుకాళ్ల కెమెరా భుజాన వేసుకుని మరొకడు దిగాడు. టీకా అంటే అమ్మవారికి కోపమని, ఆ పెట్టె చూడగానే వీధిలో తలుపులన్నీ మూసుకుపోయాయి. కెమెరావాడు పద్మకుమారిని చూసి చిరాకుపడ్డాడు.

"ఏమ్మా, తొమ్మిదిన్నరకు రమ్మన్నాను కదా? నీకోసం చూసీ చూసీ ఉంటే ఈయనొచ్చి కేసు ఫోటో తీయాలని జీపెక్కించాడు."

నరసింగరావును గుర్తుపట్టి పద్మకుమారి గబగబా ఎదురెళ్లింది.

"కేసులు ఎక్కడ?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. అరుగు మీది పిల్లల్ని చూసి ఆమడదూరంలో ఆగాడు. "ఆ పసుపు కడిగించండి. పొక్కులు కనబడాలి."

పద్మకుమారి నాలుగు చెంబుల నీళ్లు గుమ్మరించింది. పసుపు కొట్టుకుపోయింది. కింద పిల్లల చర్మం తాటిముంజెలా నిగనిగలాడుతోంది. పొక్కు లేదు, చెమటకాయ కూడా లేదు. ఇన్‌స్పెక్టరు దగ్గరికొచ్చి అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఇదేమిటి, ఏమీ లేదే?"

"ఏటీ నేదని పొద్దున్నించి సెప్తన్నాను బాబూ" అంది అసిరమ్మ.

"జీపు ఇంతదూరం తిప్పాను. ఫోటోగ్రాఫరును లాక్కొచ్చాను. పైకి ఏమని రాయను?"

"లేదనే రాయండి" అన్నాడు నరసింగరావు కెమెరా కాళ్లు విప్పుతూ. "లేదనడానికి రుజువు అడుగుతారు కదా. పిల్లల మొహాలు శుభ్రంగా కనబడేలా ఒక ఫోటో తీస్తాను. రెండు ప్రింట్లు వేస్తాను. ఒకటి సర్కారుకు, ఒకటి సరిహద్దుకు."

ఇన్‌స్పెక్టరుకు సరిహద్దు సంగతి అర్థం కాలేదు గానీ, రుజువు మాట బాగా నచ్చింది. కడిగిన మొహాలకు పౌడరు పడింది. అమ్మడికి గౌను, జగన్నాధానికి చొక్కా వేశారు. గోడకు తెల్ల దుప్పటి కట్టారు. అసిరమ్మ మనవడి బుగ్గన కాటుకచుక్క పెట్టబోతే ఇన్‌స్పెక్టరు హడలిపోయాడు.

"వద్దు, వద్దు. ఫోటోలో అది మచ్చలా పడితే నా ఉద్యోగం పోతుంది."

"సుక్క నేకుండా ఎలాగ బాబూ? ఈదిలో కళ్లెలాటివో మీకేటి తెలుసు?"

చివరికి చుక్క అరికాలికి దిగింది. నరసింగరావు నల్లగుడ్డలో తలదూర్చి, "ఇటు చూడు బాబూ" అన్నాడు. జగన్నాధం చూశాడు. పని అయిపోయింది.

ఒక్కో తలుపూ తెరుచుకుంది. మొదట గున్నమ్మ వచ్చింది, జుట్టు తడి చేసుకుని దువ్వుకుని మరీ.

"బాబూ, నా మొకం ఎలగుంటాదో నానూ సూసుకోనేదు. నన్నూ తీస్తావేటి?"

ఆ రోజు మొత్తంలో ఇన్‌స్పెక్టరుకు వచ్చిన తెలివి అదొక్కటే. "టీకా వేయించుకున్నవాళ్లకే ఫోటో" అన్నాడు.

అమ్మవారి కోపానికి జడిసిన వీధి ఫోటో అనేసరికి బారు తీరింది. అరవై నాలుగు టీకాలు పడ్డాయి. అరవై నలుగురూ దుప్పటి ముందు ఇరుక్కుని, నొప్పెట్టిన జబ్బలు పట్టుకుని నిలబడ్డారు.

బుధవారం సాయంత్రం ఫోటో వచ్చింది. గురువారం విజయనగరం స్టేషన్లో లక్ష్మీనరసింహం దాన్ని చొక్కా లోపలి జేబులో పెట్టుకుని గుండీ వేసుకున్నాడు. బండి కదిలి, కనుమరుగయ్యేదాకా పద్మకుమారి అక్కడే నిలబడి, ఇంటికొచ్చి మూడు రోజుల్లో మొదటిసారి కడుపునిండా తింది. నెల తిరిగేసరికి ఉత్తరం వచ్చింది. కొడుకు ముక్కు తనదేనని గణపతిరావు రాశాడు. ఆ ఒక్క మాటా అసిరమ్మ పదిసార్లు చదివించుకుంది.

మశూచి లేని వీధిలో మశూచిని అణచివేసినందుకు ఇన్‌స్పెక్టరుకు పైనుంచి మెప్పుపత్రం కూడా ఆ వారంలోనే అందింది.