అద్దాల ఆఫీసులో ఆరోగ్యమే ఆరోగ్యం

ఉద్యోగి ఆరోగ్యంగా ఉండాలంటే ఆఫీసుకి జనం రాకూడదు. ఈ మహాసత్యాన్ని కనిపెట్టింది నేను కాదు, మా ఆఫీసు కట్టిన డిజైనరు. నేను అనుభవిస్తున్నవాణ్ణి మాత్రమే!

మాది అరకు లోయలో ఒక సర్కారీ ఆఫీసు. ఏ శాఖ అని అడగకండి, నాకింకా ఆరేళ్ళ సర్వీసుంది. నిరుడు దాకా అది పెంకుల కొంప. ముందు పొడుగాటి వరండా, గోడకి నాలుగు కిటికీలు. కొండల మీంచి దిగొచ్చినవాళ్ళు వరండాలో గొడుగులు ఆరబెట్టుకుని కూర్చునేవారు. మా అటెండరు గాసి కిటికీలోంచి తల బయటపెట్టి, ఏటమ్మా ఏ పని మీదొచ్చావని కేకేసేవాడు. పిలిచాక ఇంకేముంది? వచ్చి బల్ల చుట్టూ మూగేవారు. రోజుకి పాతిక కాగితాలు! మా బీపీలు ఏమైపోవాలి చెప్పండి?

మా అదృష్టం కొద్దీ, ఆఫీసు గోడలకీ ఉద్యోగి మనశ్శాంతికీ సంబంధం ఉందని పైవాళ్ళకి ఎవరో చెప్పారు. వెంటనే పట్నం నుంచి డిజైనరు దిగాడు. వరండా కూల్చేశాడు. ఆ రాళ్ళు ఇప్పటికీ ఆఫీసు ముందు కుప్పగా పడున్నాయి. వరండా స్థానంలో ఈ చివర నుంచి ఆ చివర దాకా అద్దం పెట్టాడు. లోపల ఉన్న మాకు బయటంతా కనబడుతుంది. బయట ఉన్నవాడికి వాడి మొహమే కనబడుతుంది. పారదర్శకత కావాలని గోల పెట్టారుగా, ఇంతకన్నా ఎవరివ్వగలరు?

కొండ వైపు కిటికీలు మూసేసి, ఆ గోడ మీద కొండ ఫోటో అంటించాడు. అసలు కొండకి మబ్బు పడుతుంది, ఫోటోకి పడదు. మూలమూలనా ప్లాస్టిక్ మొక్కలు పెట్టాడు. నీళ్ళు పొయ్యక్కర్లేదు కాబట్టి స్ట్రెస్ లేదు. ముసురులో కూడా ఏసీ ఆగకూడదన్నాడు, అందుకని మేం మంకీ క్యాపులు పెట్టుకుని పని చేస్తున్నాం. చుట్టూ కాఫీ తోటలు, మాకు మాత్రం మిషన్లోంచి పొడి కాఫీ. కుర్చీల సంగతి అడగండి! వెనక్కి వాలుతాయి, నడుము పట్టుకుంటాయి, నిద్రపోతే తలకి దిండు కూడా ఉంది.

ఇక తలుపు. దగ్గరికి వస్తే అదే తెరుచుకుంటుంది. ఎంత స్వాగతమో చూడండి! కానీ ఇక్కడి కొండవాళ్ళకి ఒక అలవాటుంది. ఎవరి గడపకైనా వెళితే కాస్త ఎడంగా కూర్చుంటారు. లోపలివాళ్ళు చూసి రమ్మనాలి, అప్పుడే లేస్తారు. పిలవని ఇంట్లోకి వెళ్ళడం వాళ్ళకి మర్యాద కాదు. మాకేమో కిటికీ లేదు, గాసి స్టూలు డిజైనుకి నప్పలేదని తీసేశారు. వాళ్ళు దగ్గరికి రారు, తలుపు తెరుచుకోదు. మూడు నెలల్లో మా ఆఫీసులో ఒక్క అర్జీ కూడా పెండింగులో లేదు. మా ఆఫీసరు ప్రేమ్‌కుమార్ గారికి ఉత్తమ పనితీరుకి షీల్డు కూడా వచ్చింది.

ఇలా హాయిగా ఉండగా సోములమ్మ వచ్చింది. సోమవారం వచ్చి ఆఫీసు ఎదురుగా ఉన్న కాలువ గట్టున కూర్చుంది. అద్దంలో తనని తాను చూసుకుని జుట్టు సర్దుకుంది. లోపల మాకందరికీ కనబడింది. మంగళవారం సాయంత్రం ఇంటికెళ్తూ నేనే పలకరించాను. మనవరాలు సోనికి నర్సింగులో సీటొచ్చిందట. శుక్రవారం లోపు కులధ్రువీకరణ పత్రం ఇవ్వకపోతే సీటు పోతుందట. మరి లోపలికి రావేమని అడిగాను.

"ఎవులూ పిలవనేదు బాబూ" అంది.

ఆ మాటకి నాకు సిగ్గేసింది. సిగ్గు ఆరోగ్యానికి మంచిది కాదు. రేపు పిలుస్తానని చెప్పి బేగి బస్సెక్కేశాను. బుధవారం మాకు మనశ్శాంతి మీద ట్రైనింగు పెట్టారు. గురువారం దాని మీద ఫీడ్‌బ్యాక్ రాశాం. మీరే చెప్పండి, ఖాళీ ఏది?

శుక్రవారం పదకొండింటికి కరెంటు పోయింది. మా జిల్లా సీలేరులోనే పుట్టే కరెంటు మా మీద ఎప్పుడూ అంత ప్రేమ చూపించదు. ఏసీ ఆగింది. తలుపు బిగుసుకుంది. వెనక తలుపు డిజైనుకి అడ్డమని ఎప్పుడో గోడ కట్టేశారు. తెరవడానికి ఒక్క కిటికీ లేదు, ఫోన్లకి సిగ్నల్ లేదు. గంటయ్యేసరికి పదకొండు మందిమి చెమటలు కారుతూ ప్లాస్టిక్ మొక్కల మధ్య ఊపిరాడక నిలబడ్డాం. చివరికి ప్రేమ్‌కుమార్ గారు షీల్డు పట్టుకుని అద్దం మీద బాదడం మొదలుపెట్టారు. మేమూ చేతులతో బాదాం.

బయట కాలువ గట్టు మీంచి సోములమ్మ లేచి వచ్చింది. తలుపు తోసి చూసింది. రాలేదు. వరండా రాళ్ళ కుప్ప దగ్గరికి వెళ్ళి ఒక రాయి ఎత్తి తెచ్చి, మమ్మల్ని పక్కకి తప్పుకోమని అరిచి, ఒక్కటేసింది. అద్దం పొడిపొడిగా రాలింది. ఆవిడ గడప దాటి, చేతులు కట్టుకుని నిలబడింది.

"పిలిసినారు కదా బాబూ?"

అందరం బయటికొచ్చి గాలి పీల్చుకున్నాం. కంప్యూటర్లు లేవు కనక గాసి పాత రిజిస్టరు మోసుకొచ్చాడు. నేను రాళ్ళ కుప్ప మీద కూర్చుని రాశాను. ప్రేమ్‌కుమార్ గారు స్కూటర్ సీటు మీద కాగితం పెట్టి సంతకం చేసి సీలు కొట్టారు. మొత్తం పన్నెండు నిమిషాలు! సోని సీటు దక్కింది. ఏసీ లేదు, వాలే కుర్చీ లేదు, అయినా ఆ పూట నా నడుం నొప్పెట్టలేదు. ఇది మాత్రం డిజైనరుకి చెప్పకండి.

కంగారు పడకండి, పొరపాటు సరిదిద్దుకున్నాం. ఇదివరకటి కంటే మందమైన అద్దం బిగించాం. ప్రభుత్వ ఆస్తిని ఎందుకు పగలగొట్టావో స్వయంగా హాజరై సంజాయిషీ ఇమ్మని సోములమ్మకి నోటీసు పంపాం. ఈ ఏడాది మా ఆఫీసు లోపలి నుంచి సకాలంలో వెళ్ళిన కాగితం అదొక్కటే.

ఇవాళ పొద్దున్నే వచ్చింది. అదే కాలువ గట్టున, నోటీసు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పన్నెండు దాటింది. ఎవరో ఒకరు పిలవాలి. నాకా, కుర్చీలోంచి లేవబుద్ధి కావడం లేదు. అందుకని కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాపి అద్దం మీద గట్టిగా మూడుసార్లు కొట్టాను.

సోములమ్మ వింది. లేచి, కొంగు బిగించి, రాళ్ళ కుప్ప వైపు నడిచింది.