టోల్‌బోస్ట్ చర్చిలో దాక్కున్న వాయిద్యం

ఆ ఆదివారం పొద్దున టొర్మొడ్ పెట్టుకున్న పని ఒక్కటే: కీర్తన కిందిస్థాయిలో ఎత్తుకోవడం.

టోల్‌బోస్ట్ చర్చిలో వాయిద్యం మాటే లేదు. దేవుడిచ్చిన గొంతు చాలని అక్కడివాళ్ల నమ్మకం. ప్రసంగ పీఠం కింద కూర్చున్న టొర్మొడ్ ఒక పాదం ఒంటరిగా పాడితే సభంతా అందుకుంటుంది. ముప్పై ఎనిమిదేళ్లుగా అదే అతని జీవితం. అయితే రెండేళ్లుగా శ్రుతి అతని చేతికి చిక్కడం లేదు. కిందటిసారి రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభుబల్ల రోజున ఎంత పైన ఎత్తుకున్నాడంటే, ఆడవాళ్లు రెండో పాదం దగ్గరే దిగిపోయారు. మూడో పాదానికి కొండమీద అతనొక్కడే మిగిలాడు. ఇంకొక్కసారి అలా జరిగితే ఆ చోటు కుర్ర గాయకుడు యూవెన్‌కి ఇస్తామని సంఘపెద్దలు తీర్మానించారు.

"ఆకాశానికి నిచ్చెన వెయ్యకు. గొర్రెల్ని పిలిచినట్టు మెల్లగా మొదలెట్టు," అంది భార్య పేగీ, శనివారమే చెక్కు తీసి ఉంచిన బంగాళాదుంపలను పొయ్యిమీదికి ఎక్కిస్తూ. ఆదివారం దుంప చెక్కు తియ్యడం కూడా అక్కడ పని కిందే లెక్క.

"గొర్రెలు నా మాట ఎప్పుడు విన్నాయే?"

"అన్నయ్య ముందు నా పరువు తియ్యకు, అంతే."

ఆ అన్నయ్య ఫిన్లే, సంఘపెద్దల్లో పెద్ద. వాయిద్యాలంటే ఆయనకు ఎంత పట్టింపంటే, చర్చి కప్పుమీద ఈల వేసే పిట్టను కూడా ఏ సంఘం దానివని అడిగేవాడట. పదేళ్లుగా చెవుడు. చెవి వెనక అరచెయ్యి ఒగ్గి వినడం అలవాటైపోయింది. గురువారం ఎందుకో పట్నం వెళ్లొచ్చాడు, చెల్లెలికి కూడా చెప్పలేదు. ఆ ఆదివారం మాత్రం ప్రార్థనలో సరైన చోటే "ఆమెన్" అన్నాడు. అది ఎవరూ పట్టించుకోలేదు.

పాస్టరుగారు కీర్తన చెప్పారు. టొర్మొడ్ నోరు తెరిచాడు. లోపల ఏ స్వరమూ లేదు. వినడానికి ఫిన్లే చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. అంతలో ఎక్కడినుంచో సన్నగా, నిలకడగా ఒక నాదం వచ్చింది. టొర్మొడ్ దాన్ని పట్టుకుని గొంతులోకి దించుకున్నాడు. సభ అందుకుంది. అలాంటి పాట ఆ గోడలు అంతకుముందు వినలేదు. ముసలమ్మలు కళ్లు ఒత్తుకున్నారు. పాట ఆగాక వెనక బల్లలోంచి ఎవరో గుసగుసలాడారు: "పిల్లనగ్రోవి!" ఆరాధన పొడుగునా చప్పరించే పిప్పరమెంటు బిళ్లలు నోళ్లలో కదలడం మానేశాయి.

ఆరాధన ముగియగానే పాస్టరుగారూ పెద్దలూ టొర్మొడ్‌ని పెద్దల గదిలోకి తీసుకెళ్లి తలుపు మూశారు.

"దేవుని మందిరంలోకి వాయిద్యం వచ్చింది. నాకు వినపడలేదు గాని పదిమంది విన్నారు," అన్నాడు ఫిన్లే. "బావా, కోటు విప్పు."

కోట్లో పిప్పరమెంటు డబ్బా తప్ప ఏమీ దొరకలేదు. ఫిన్లే వెళ్లి గదిలోని చలిపొయ్యి గొట్టం దగ్గర చెవికి చెయ్యి ఒగ్గి విన్నాడు. కూ... అంది.

"గొట్టంలోనే ఉంది!" అన్నారు పెద్దలు. గొట్టం విప్పారు. మసి తప్ప ఏమీ రాలలేదు. ఫిన్లే వంగి నేలచెక్క దగ్గర విన్నాడు. కూ... అంది. చెక్క పీకారు. బీరువా దగ్గర విన్నాడు. బీరువా జరిపారు. ఆదివారం దుంప చెక్కు తియ్యనివాళ్లు అరగంటలో సగం గది ఊడదీశారు.

టొర్మొడ్ లేచి నిలబడ్డాడు.

"చాలు. నేను తేలేదు. కానీ అబద్ధమాడను. ఆ నాదం పట్టుకునే పాడాను. అది లేకపోతే ఇవాళ కూడా కొండెక్కేవాణ్ణి. కీర్తనల పుస్తకం యూవెన్‌కి ఇచ్చెయ్యండి."

"ఏమన్నావు బావా?" అంటూ ఫిన్లే చెవి దగ్గర చెయ్యి పెట్టాడు. కూ...

దుంపలు చల్లారిపోతున్నాయని పిలవడానికి వచ్చిన పేగీ గుమ్మంలోనే ఆగిపోయింది.

"అన్నయ్యా, చెయ్యి తియ్యి."

తీశాడు. ఆగింది.

"పెట్టు."

కూ...

ఆమె వచ్చి అన్నగారి తెల్లజుట్టు పైకెత్తింది. చెవి వెనక చిక్కుడుగింజంత వినికిడి మిషను.

"గురువారం పట్నంలో పెట్టారు," అన్నాడు ఫిన్లే నేల చూస్తూ. మొహమంతా మసి. "ఇది కూస్తుందని నాకేం తెలుసు? అంత సన్నటి చప్పుడు దీంతో కూడా నాకు వినపడదు. పదేళ్లయింది వాక్యం ఒక్క ముక్క చెవినపడి. అందుకని... తీసేస్తాను."

పదేళ్లుగా ప్రతి ఆదివారం గుమ్మం దగ్గర "ప్రసంగం బ్రహ్మాండం" అని ఆయనచేత అనిపించుకున్న పాస్టరుగారు కాసేపు దగ్గారు.

"ఊదితే వాయిద్యం, మీటితే వాయిద్యం," అన్నారు చివరికి. "ఇది వాక్యం వినే చెవి. ఉండనివ్వండి. పుస్తకం కూడా టొర్మొడ్ దగ్గరే ఉంటుంది. ముందు ఆ గొట్టం బిగించండి. అది మాత్రం రేపు."

అప్పటినుంచి కీర్తన చెప్పగానే టొర్మొడ్ ఒకసారి ఫిన్లే వైపు చూస్తాడు. శ్రుతి మళ్లీ తప్పలేదు.

టోల్‌బోస్ట్ చర్చిలో నేటికీ వాయిద్యాలు నిషిద్ధం. ఏదైనా మోగుతోందేమోనని ప్రతి కీర్తనకూ ముందు ఫిన్లే చెవి దగ్గర చెయ్యి పెట్టి మరీ వింటాడు.