రెడ్డుకు ఫాలో అక్కర్లేదు

ఆటల పిచ్చి ఉన్నవాళ్ళు చేరి చర్చించుకునే ఇంటర్నెట్ ఫోరమ్‌లు ఒక్కొక్కటే మూతపడుతున్నాయని మీకు తెలిసినవాళ్ళెవరైనా బాధపడుతుంటే, వాళ్ళను వెంటనే మంచి డాక్టరుకు చూపించండి. ఇంత మంచి కబురు ఈ మధ్య మరొకటి వినలేదు!

అనుమానంగా ఉందా? ఎల్లారెడ్డి బస్టాండు ఎదురుగా జిరాక్స్ షాపు నడిపే మహిపాల్‌ను చూడండి. ఒకప్పుడు ఎంత చెడిపోయి ఉండేవాడో!

మహిపాల్‌కు క్యారమ్ అంటే ప్రాణం. అంతటితో ఆగితే బాగుండేది. ఊరి పెద్దలు కూర్చుని పంచాయితీలు తెంపే కచ్చీరు లాగా, క్యారమ్ పంచాయితీలు తెంపడానికి ఒకటి ఉండాలని ‘క్యారమ్ కచ్చీరు’ పేరుతో ఫోరమ్ పెట్టాడు. లింగంపేట నుంచి ఒకాయన, వానలకు బోర్డు చెమ్మ పట్టింది, స్ట్రైకర్ సాగడం లేదు, ఏం చేయాలి అని అడిగాడు. పైన బల్బు వేలాడదీయమని తాడ్వాయి నుంచి ఒకరు చెప్పారు. ప్లైవుడ్ వంగిపోతుందని ఇంకొకరు అడ్డం పడ్డారు. బల్బు ఎంత ఎత్తున ఉండాలన్న దాని మీద బతుకమ్మ పండుగ వచ్చి పోయేదాకా వాదించుకున్నారు. ఆఖరికి లింగంపేట ఆయన బోర్డు ఆరింది. ఆరితే ఆరింది గానీ, అంతమంది పెద్దమనుషులు అన్ని రోజులు ఒక బల్బు గురించి ఆలోచించారంటే ఎంత సిగ్గుచేటు?

పైగా అక్కడ ఏది రాసినా ఆధారం చూపించాలి. మహిపాల్ దగ్గరికి జిరాక్సుకు వచ్చినవాళ్ళు కాగితాలు పట్టుకుని నిలబడి ఉంటే, ఆయన రూల్ బుక్కులో పేజీలు తిప్పుతూ ఉండేవాడు. ఇల్లాలు రాజమణి చూసి చూసి విసిగిపోయింది.

“ఎవలతోని కొట్లాడుతున్నవ్ పొద్దుగాల పొద్దుగాల?” అని అడిగేది.

“మద్నూర్ హన్మండ్లుతోని” అనేవాడు, చుట్టం పేరు చెప్పినట్టు.

ఈ హన్మండ్లు అసలు దోషి. జిల్లాకు ఆ చివర, మహారాష్ట్ర సరిహద్దులో ఉంటాడు. మహిపాల్ ఏం రాసినా కింద మొదటి మాట ‘తప్పు’ అనే ఉండేది. బోర్డుకు పౌడర్ ఎంత వేయాలన్న దాని మీద ఇద్దరూ ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. చేతినిండా వేయాలని మహిపాల్. ఆట రానోడికే పౌడర్ గావాలె అని హన్మండ్లు. ఒకరి మొఖం ఒకరు చూడలేదు. అయినా మహిపాల్ ఆట బాగుపడిందంటే హన్మండ్లు తిట్ల వల్లేనని రాజమణికి కూడా తెలుసు. మనిషికి ఇంతకన్నా పెద్ద కష్టం ఉంటుందా చెప్పండి?

అదృష్టం కొద్దీ కామారెడ్డిలో టోర్నమెంట్లు నడిపే తిరుపతి ఒక పుణ్యం కట్టుకున్నాడు. ‘క్యారమ్ మిత్రులు అఫీషియల్’ అని వాట్సాప్ గ్రూపు పెట్టి అందరినీ అందులోకి లాగాడు. కచ్చీరు ఖాళీ అయింది. ఇప్పుడు అక్కడికి వస్తే గిస్తే బట్టతల మందు అమ్మేవాళ్ళు వస్తున్నారు.

గ్రూపులో ఎంత శాంతి! తెల్లారగానే గులాబీ పువ్వుల మీద శుభోదయం. తర్వాత పుట్టినరోజులు. ఆ తర్వాత వేపాకు రసంతో షుగరు మాయం. ఎవరేం పెట్టినా కింద వరసగా బొటనవేళ్ళు. హాజరు పలికినట్టు అందరూ ఒక వేలు పెట్టి పోతారు. చదివే శ్రమ లేదు. ఆ మధ్య ఒకాయన మణికట్టు వాచింది, ఆడొచ్చా అని అడిగాడు. గ్రూపు మొత్తం కంగ్రాట్స్ చెప్పింది. పాపం, ఆయన కూడా థాంక్స్ చెప్పాడు.

మహిపాల్‌కు మాత్రం ఈ సుఖం ఒంటబట్టలేదు. ఏం రాసినా వేళ్ళే. అందులో హన్మండ్లు వేలు కూడా! మెచ్చుకుంటున్నాడో, చదవకుండా పోతున్నాడో, అసలు బాగున్నాడో లేదో అంతుపట్టలేదు. ‘తప్పు’ అని ఒక్కమాట అంటే చాలని ఉంది ఇతనికి. చెయ్యి చాచి అడిగేది కాదాయె. బెంగ పెట్టుకున్నాడు.

“కొట్లాడేటోడు లేడని గింత రంది పెట్టుకున్నోన్ని నిన్నే సూస్తున్న” అంది రాజమణి.

ఆఖరికి ఒక పన్నాగం పన్నాడు. గ్రూపులో ఇలా రాశాడు: ‘కొత్త నిబంధన. ఇకమీదట రెడ్డుకు ఫాలో అక్కర్లేదు.’

క్యారమ్ బోర్డు ముట్టినవాళ్ళెవరికైనా తెలుసు, రెడ్డు, అంటే ఆ ఒక్క ఎర్ర కాయిన్, పాకెట్‌లో వేశాక వెంటనే సొంత కాయిన్ ఒకటి వేయాలి. దాన్నే ఫాలో అంటారు. అది పడకపోతే రెడ్డు మళ్ళీ బోర్డు నడిమధ్యకు వస్తుంది. ఫాలో అక్కర్లేదనడం పెళ్ళికి పెళ్ళికూతురు అక్కర్లేదన్నట్టే. ఇంత పచ్చి తప్పు చూసి హన్మండ్లు ఊరుకోగలడా? మహిపాల్ షాపు కూడా సరిగ్గా చూసుకోకుండా ఫోను ముందు కూర్చున్నాడు.

వేళ్ళు వచ్చాయి. ముందు తిరుపతి వేలు, తర్వాత లింగంపేట, తాడ్వాయి, బాన్సువాడ. ఒకాయన దండం పెట్టాడు. ఒకాయన పూలగుత్తి ఇచ్చాడు. సాయంత్రానికి హన్మండ్లు కూడా బొటనవేలు పెట్టాడు. ఆ పూట మహిపాల్‌కు అన్నం సయించలేదు.

తర్వాత కామారెడ్డిలో టోర్నమెంటు జరిగింది. సెమీఫైనల్లో మహిపాల్ ఎదురుగా కూర్చున్నది ఎవరనుకున్నారు? హన్మండ్లే. రాతలను బట్టి మీసాలు మెలేసిన పహిల్వాన్‌ను ఊహించుకున్నాడు మహిపాల్. తీరా చూస్తే బక్కపలచటి మనిషి, మెత్తటి గొంతు.

“బాగున్నవా అన్నా” అన్నాడు హన్మండ్లు.

ఆట చివరి బోర్డుకు, అంటే ఆఖరి రౌండుకు వచ్చింది. హన్మండ్లు రెడ్డు వేశాడు. ఫాలోకు కొట్టిన కాయిన్ పాకెట్ అంచు దాకా పోయి ఆగిపోయింది. మహిపాల్ రెడ్డును తీసి మధ్యలో పెట్టబోయాడు. అంపైరుగా నిలబడ్డ తిరుపతి అతని చెయ్యి పట్టుకున్నాడు.

“రెడ్డు ఆయనదే అన్నా.”

“గట్లెట్లయితది? ఫాలో పడలే గదా.”

తిరుపతి ఫోను తీసి చూపించాడు. మహిపాల్ రాసిన ముక్కే. ఊళ్ళన్నీ తిరిగి, మూడు జెండాలూ ‘అందరికీ షేర్ చేయండి’ అన్న తోకా తగిలించుకుని వచ్చింది.

“గిది నేను కావాలని తప్పు రాసిన” అన్నాడు మహిపాల్.

“ఓడిపోతున్నప్పుడు మాట మార్చుడు మంచిగుండదు అన్నా” అన్నాడు తిరుపతి. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. వాళ్ళ దగ్గర ఫోన్లున్నాయి, ఫోన్లలో రుజువుంది. ఇంక మాట్లాడేదేముంది?

మహిపాల్ హన్మండ్లు వైపు తిరిగాడు. “నువ్వన్న చెప్పు. నీకు తెల్వదా రూలు? ఎందుకు వేలు పెట్టినవ్?”

హన్మండ్లు స్ట్రైకర్ పక్కన పెట్టాడు.

“మొదలు నవ్విన. ఎవడో గాడ్ది రాసిండనుకున్న. పేరు చూస్తే నువ్వు. గిన్నేండ్లు నీతోని కొట్లాడిన, ఆధారం లేకుండ ఒక్క ముక్క రాయలే నువ్వు. నాకు తెల్వకుండనే రూలు మారిందేమో అనుకున్న” అన్నాడు.

మహిపాల్ చేతిలోని రెడ్డును హన్మండ్లు ముందు పెట్టాడు. ఏళ్ళ తరబడి సంపాదించుకున్న నమ్మకాన్ని తన చేతులతోనే ఒక్క పూటలో తగలేసుకున్నాడు. రెడ్డు హన్మండ్లు ఖాతాలోకి పోయింది, ఆట కూడా దాని వెంటే పోయింది.

తిరుగు బస్సెక్కి గ్రూపులో రాశాడు: ‘రెడ్డుకు ఫాలో ఉండాల్సిందే. నేను రాసింది తప్పు. ఆ తప్పుకు నేనే ఓడిపోయాను.’ దానికీ వేళ్ళు వచ్చాయి. అదే తిరుపతి, అదే లింగంపేట, అదే తాడ్వాయి, అదే బాన్సువాడ. అదే పూలగుత్తి. ఫాలో అక్కర్లేదన్న రోజు ఎంత సంతోషించారో, ఉండాలన్నప్పుడూ అంతే సంతోషించారు. ఇంత నిష్పక్షపాతం ఏ ఫోరమ్‌లో దొరుకుతుంది?

బస్సు లింగంపేట దాటాక ఒక జవాబు వచ్చింది.

‘తప్పు. నువ్వు ఓడింది రూలుతోని కాదు. మొదటి బోర్డుకే పౌడర్ ఎక్కువ పోసినవ్. నీ చేతుల నిండ పౌడర్ చూసిన.’

మహిపాల్ బస్సులో ఒక్కడే నవ్వుకున్నాడు. పక్క సీటాయన కొంచెం జరిగి కూర్చున్నాడు. జవాబు టైపు చేస్తుండగానే తెర మీద ఇంకో వాక్యం వచ్చింది. అడ్మిన్ తిరుపతి హన్మండ్లును గ్రూపు నుంచి తీసేశాడు. కింద కారణం కూడా రాశాడు: ‘మిత్రులారా, గ్రూపులో చర్చలు పెట్టకండి.’ ఆ మాటకు వచ్చినన్ని వేళ్ళు ఇంతవరకు దేనికీ రాలేదు.

ఎల్లారెడ్డిలో దిగి మహిపాల్ షాపు షట్టరు ఎత్తాడు. పాత కంప్యూటరు ఆన్ చేసి కచ్చీరు తెరిచాడు. బట్టతల మందుల మధ్య పౌడర్ పంచాయితీ వెతికి పట్టుకునేసరికి, దాని అడుగున అప్పటికే ఒక కొత్త జవాబు ఉంది. మద్నూర్ నుంచి. తెర కిందికి జరుపుతుంటే ఇంకా వస్తూనే ఉంది, అంత పొడుగు.

మహిపాల్ కుర్చీ దగ్గరికి లాక్కుని మొదటి మాట టైపు చేశాడు: ‘తప్పు.’

కాబట్టి పాఠకులకు మనవి. మీ ఆరోగ్యం కోసం చెబుతున్న మాట ఇది. పొరపాటున కూడా ఆ కచ్చీరు వైపు పోకండి. అక్కడ ఇద్దరు మనుషులు ఒకరు రాసింది ఒకరు చదువుతున్నారు.