ఎర్ర గడిలో బోరింగు

ఆ సోమవారం పొద్దున సంజీవ వేసుకున్న పథకం చిన్నదే. పదకొండు గంటల కలెక్టరు రివ్యూ మొదలయ్యేలోగా కంప్యూటర్లో ఒక్క ఎర్ర గడిని పచ్చగా మార్చాలి. గడువు దాటిన అర్జీ ఎర్రగా కనిపిస్తుంది. మండల ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా అతని ప్రొబేషన్ ఇంకో నెలలో ముగుస్తుంది. ఈలోగా ఒక్క మెమో పడిందా, ఉద్యోగం మాట దేవుడెరుగు.

ఆ ఎర్రది ఉప్పలమ్మ అర్జీ. వాడకట్టు బోరింగులో నీళ్లు రావడం లేదని రాసిచ్చింది. నలభై రోజులుగా అది సంజీవ బల్ల మీదే ఉంది. చెమట పట్టిన వేలితో ‘పరిష్కరించబడినది’ అన్నచోట నొక్కాడు. గడి పచ్చబడింది. ప్రాణం కుదుటపడింది, ఓ గంట సేపు.

పదకొండున్నరకు సూపరింటెండెంటు నీరజ పరుగున వచ్చింది. "సంజీవా, జిల్లా మొత్తంల ఎర్రది లేని ఆఫీసు మనదొక్కటేనట! కలెక్టర్ సారు మూడింటికి గా బోరింగు కాడికొస్తున్నడు."

"బోరింగు కాడికా? ఎందుకు మేడం?"

"ఎందుకేంది? నీళ్లు తాగి ఫొటో దిగుతడట!"

సంజీవ మెకానిక్ బాబామియాకు తొమ్మిదిసార్లు ఫోను చేశాడు. స్విచ్చాఫ్. ఈలోగా నీరజ విలేకరులను పిలిచింది, ఫ్లెక్సీకి అతని ఫొటో కూడా పంపేసింది. ఎండిన బోరింగు పక్కన నవ్వుతున్న తన ముఖమే అతని కళ్ల ముందు ఆడింది.

మూడింటికి కలెక్టరు బోరింగు పిడి పట్టుకున్నారు. సంజీవ గట్టిగా కళ్లు మూసుకున్నాడు. నీళ్లు భళ్లున దూకాయి!

అప్పుడు అసలు భయం పట్టుకుంది. దీన్ని బాగుచేసిందెవరు?

కలెక్టరు కూడా అదే అడిగారు. బిందెతో అక్కడే నిలబడ్డ ఉప్పలమ్మ సంజీవను ఎగాదిగా చూసింది.

"ఎవ్వలు రాలే సారూ. నెల రోజులు జూసినం. గీ సారు రేపు రా, మాపు రా అన్నడు. ఇగ గాదని మేమే బాబామియాను తోల్కొచ్చి, పదిమందిమి పట్టి పైపులు గుంజి చేసుకున్నం."

నీరజ ముఖం పాలిపోయింది. కలెక్టరు సంజీవ వైపు తిరిగారు. ఇక మెమో కాదు, సస్పెన్షనే అనుకున్నాడతను.

"అంటే ప్రజలే ముందుకొచ్చారన్నమాట! శభాష్. భాగస్వామ్యమంటే ఇదీ. మీ ప్రొబేషన్ సంగతి నేను చూస్తాను. మిగిలిన అర్జీలకూ ఇదే పద్ధతి పాటించండి."

సాయంత్రం ఆఫీసుకు వచ్చిన సంజీవ ఇంకా గడువు దాటని మిగిలిన నలభై మూడు అర్జీలనూ వరుసగా సర్ది, ఎవరి చెయ్యీ పడకుండా బీరువాలో పెట్టి తాళం వేశాడు.