ఉదయగిరిలో ఓడ దొంగలు

"వదినా, ఈ భూప్రపంచంలో నేరస్థులు రెండే రకాలు. నా చేతికి చిక్కినోళ్ళు, చిక్కబోయేవోళ్ళు."

పెంచలప్రసాద్ ఈ ప్రకటన చేసినప్పుడు సుకుమారి వసారాలో బియ్యం ఏరుతోంది. మొదటి రకంవాళ్ళు ఇంతవరకు ఒక్కరూ లేరని ఆమెకు తెలుసు. ఉదయగిరి మొత్తానికీ తెలుసు. రెండో రకంలోకి మాత్రం ఎవరైనా రావచ్చు గనక, అతను ఎదురైతే జనం కొంచెం పక్కకు తొలగి నడుస్తారు.

బొజ్జ మీద కాకీ చొక్కా బిగించి తిరిగే ప్రసాద్‌కు బస్టాండు ఎదురుగా ఎస్టీడీ బూత్ ఉంది. దాని అద్దాల తలుపు సగమే మూసుకుంటుంది. బాగు చేయించమంటే "చేయిస్తాలే" అంటాడు. ఆ తలుపు పూర్తిగా మూసుకుంటే అతని డిటెక్టివ్ వృత్తి మూతపడుతుంది. ఆ మధ్య ఎవరో మద్రాసుకు ఫోన్ చేసి "సరుకు తెల్లారేలోపల దించేయండి" అన్నందుకు పోలీసులను వెంటబెట్టుకుని పోయాడు. లారీలోంచి దిగినవి కోడిపిల్లలు. ఎస్సై ఆరోజు ఏమన్నాడని అడిగితే, అది వృత్తి రహస్యం అంటాడు.

"ఇప్పుడు చిక్కబోయేదెవరు?" అంది సుకుమారి, బియ్యంలోంచి తల ఎత్తకుండా.

"నీ ఇంట్లో దొంగలు పడినారు. ఆరు పాత్రలు పోయినాయి. దాచబాక. నా మనుషులు నాకుండారు."

ఆ మనుషులు అతనొక్కడే. పొద్దున సుకుమారి ఆ బూత్‌లోంచే ఆత్మకూరుకు ఫోన్ చేసింది. బ్యాంకులో పనిచేసే దయాసాగర్‌తో, "దయా, పాత్రలు పోయినాయి. ఆరూ. మంత్రం వస్తువులు కూడా డబ్బాతో పాటే పోయినాయి. దొరక్కపోతే శనివారం ఓడ దొంగలు లేనట్టే" అంది. సగం తలుపు తన పని తాను చేసింది.

సుకుమారి భర్త ప్రేమానందం కూడా ఆమె లాగే టీచరు. వేలూరులో చదువుకునేటప్పుడు హాస్టల్లో ఒక ఆట నేర్చుకున్నాడు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని, ఆ పాత్ర తామే అయిపోయి, ఇప్పుడేం చేస్తారో చెప్పాలి. అది జరుగుతుందో లేదో పాచికలు తేలుస్తాయి. ఈ వేసవి సెలవుల్లో స్నేహితులతో ఆడదామని అతను ఓడ దొంగల కథ కట్టాడు. సముద్రం చూడాలంటే నెల్లూరు దాటిపోవాల్సిన ఊళ్ళో, బిందెడు నీళ్ళకు బోరింగు దగ్గర జుట్లు పట్టుకునే ఊళ్ళో కూర్చుని, ఓడలు నడిపాడు.

పాత్రలను చెక్కబొమ్మలుగా చేయించి రంగులు తనే వేశాడు. మంత్రం వస్తువులూ తయారు చేశాడు. ఖాళీ టించరు సీసాకు బిరడా బిగించి, అందులో తుఫాను గాలి బంధించి ఉందన్నాడు. ఉదయగిరి చెక్క గరిటె ఒకటి, ఉప్పునీళ్ళలో తిప్పితే మంచినీళ్ళవుతాయట. ఆ ఊళ్ళో ఎవరైనా ముందు దానికే చెయ్యి చాస్తారు. తిరనాళ్ళలో కొన్న దిక్సూచి ముల్లు ఇరుక్కుపోతే, "ఇది ఉత్తరం చూపించదు. మనం పోగొట్టుకున్నది ఎటుందో చూపిస్తుంది" అని దాన్నీ బొమ్మలు దాచే బిస్కెట్ల డబ్బాలో వేశాడు.

ఆత్మకూరు, దుత్తలూరు, సంగం నించి వచ్చే ఐదుగురు స్నేహితులకు ఐదు బొమ్మలు. అవి ఆమెకు చూపించాడు. ఆరోదాన్ని మాత్రం గుడ్డలో చుట్టి దారం కట్టాడు. "ఇది ఆటరోజే విప్పాల. ముందుగా విప్పితే ఓడ మునిగిపోద్ది" అన్నాడు. ప్రసాద్‌కు ఈ ఆట సంగతే చెప్పొద్దని పట్టుబట్టాడు.

ఫిబ్రవరిలో కామెర్లు వచ్చి చనిపోయాడు.

ఆమె దారం విప్పలేదు. సగంలో ఉన్న వస్తువులను తనే పూర్తి చేసి, ఆట తనే నడుపుతానని అందరికీ కబురు పెట్టింది. ఆరో బొమ్మ తనదేనని ఆమె నమ్మకం. ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఇప్పుడు ఆ బిస్కెట్ల డబ్బాయే కనబడటం లేదు.

"పాత్రలంటే గిన్నెలు కాదు ప్రసాద్. బొమ్మలు."

అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అర్థమైంది. ఇంకమీదట గిన్నెల్ని బొమ్మలు అనాల. కోడ్ వర్డ్."

"మంత్రం వస్తువులంటే..."

"చేతబడి. అది నేను ముందే పసిగట్టినా."

సుకుమారి మళ్ళీ బియ్యం ఏరసాగింది. భర్త పోయినప్పటినించి ఆ ఇంటికి వచ్చినవాళ్ళందరూ ఓదార్పు తెచ్చారు. కొందరు దాంతోపాటు బీరువా తాళాల గురించి, ట్రాన్స్‌ఫర్ గురించి, ఒంటరి ఆడది ఎన్ని గంటలకు తలుపు వేసుకోవాలనే దాని గురించి సలహాలు కూడా తెచ్చారు. ప్రసాద్ ఏమీ తేలేదు. రోజూ వచ్చి టీ తాగి, ఊళ్ళో ఎవరు హంతకుడు కాబోతున్నాడో చెప్పి పోయేవాడు. అంతసేపూ ఆమె ఎవరూ జాలిపడాల్సిన మనిషి కాదు. ఒక తెలివితక్కువ వాడికి టీ పోస్తున్న మామూలు మనిషి.

ప్రసాద్ ఎప్పటిలాగే గడియారాలు బాగుచేసేవాడి దగ్గర ఎరువు తెచ్చిన భూతద్దం కంటికి బిగించి నేలమీద పాకాడు. గోడ వారగా తెల్లటి పొడి కనబడింది. వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాడు.

"వదినా! నాలిక మండిపోతాండాది! ఏదో విషం!"

"సున్నం. మొన్న మీ అన్న సమాధి కూడికకు జనం ప్రార్థనకొస్తారని వెల్ల వేయించినా గదా."

నోరు పుక్కిలించాక, ఇంట్లో గిన్నెలు తోమే హన్నమ్మను పిలిపించాడు. పట్టపగలు ఆమె మొహం మీద టార్చిలైటు వేశాడు. సుకుమారి వంటింట్లో ఉంది. కిరసనాయిలు స్టౌ రొదలో ఆమెకు ప్రసాద్ అరుపులు తప్ప ఏమీ వినబడలేదు.

"ప్రశ్నలు నేనడగతా! ... నువ్వు చెప్పబాక! నిందితులు చివర్లో మాట్లాడాల! అది పద్ధతి!"

ఆమె టీ తెచ్చేసరికి హన్నమ్మ చెంగు విదిలించుకుంటూ మెట్లు దిగుతోంది. "చివర్లోనే చెప్తాలే! అంతవరకు చూస్తా కూచో, నీ మొగం మండ!"

"చూసినావా వదినా, ఎట్టా తడబడిందో! గిన్నెలు ఊరు దాటిపోయినాయి. ఆత్మకూరులో చెంచురామయ్య షామియానా సప్లయర్స్ ఉండాదే, అక్కడ నూరు గుండిగల్లో ఆరు గిన్నెలు కలిపేస్తే ఎవుడు కనిపెట్టేది?"

మర్నాడు సుకుమారి కూడా అతనితో బస్సెక్కింది. ఆట లేదని దయాసాగర్‌కు ఎదురుగా చెప్పాలి. పైగా ఈ మనిషిని ఒంటరిగా పంపితే తన్నులు తింటాడు.

ప్రసాద్ మారువేషంలో వచ్చాడు. చర్చిలో క్రిస్మస్ నాటకానికి తూర్పుదేశపు జ్ఞానికి పెట్టే గడ్డం అది. పెట్టుకున్నంత మాత్రాన జ్ఞానమేమీ రాలేదు.

"ప్రసాదన్నా," అన్నాడు కండక్టరు, "గడ్డానికి హాఫ్ టికెట్ కొట్టేదా?"

చెంచురామయ్య షాపులో ఈగలు తోలుకుంటున్నాడు. మూఢం. పెళ్ళిళ్ళు లేవు. వెనక రేకుల షెడ్డులో గుండిగలు మూతలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ప్రసాద్ "నేను లోపల మాటువేస్తా" అని సైగ చేసి షెడ్డులోకి జారుకున్నాడు.

"రాండమ్మా, కూచోండి," అన్నాడు చెంచురామయ్య. "గడ్డం పెట్టుకోని పోయినాడే, ఆయన ప్రసాదే గదా? ఏమన్నా జబ్బా?"

"అట్టాంటిదే," అంది సుకుమారి.

సుకుమారి కబురందుకుని దయాసాగర్ కూడా బ్యాంకు నించి వచ్చాడు. ఆమె మొహం చూసి, అడగాల్సిన అవసరం లేక పక్కన కూర్చున్నాడు.

"దొరకలేదు దయా. ఇల్లంతా ఎతికినా."

"మళ్ళీ చేయిద్దాంలే అక్కా. ఐదూ మాకు గుర్తుండాయి గదా."

"ఆరోది గుర్తులేదు." ఆమె చీర అంచు మీద దారప్పోగు లాగింది. "నేను చూళ్ళేదు దాన్ని."

అతను ఏదో అనబోయాడు. అంతలో షెడ్డులోంచి గావుకేక వినబడింది.

"పొడిచినారు! వదినా, నన్ను ఎనకనించి పొడిచినారు!"

ముగ్గురూ పరిగెత్తారు. షెడ్డులో మనిషి లేడు. వందమందికి వండే గుండిగ ఒకటి దానంతటది ఊగుతోంది. అందులోంచి జ్ఞాని గడ్డం, దాని పైన ప్రసాద్ కళ్ళు కనబడుతున్నాయి. దొంగల మాటలు వినడానికి మూత తీసి అందులో దిగి, గొంతుక్కూర్చుని, ఇరుక్కుపోయాడు.

"ఎవురు పొడిచినారయ్యా?"

"కనబడితే గదా! కిందనించి కత్తి! ఇంకా దిగతానే ఉండాది!"

గుండిగను పక్కకు ఒరిగించి, ఇద్దరు అతని చేతులు, ఒకరు గుండిగను పట్టి లాగారు. ప్రసాద్ ముందు బయటికి వచ్చాడు. అతని వెనక గలగలమంటూ ఒక బిస్కెట్ల డబ్బా దొర్లింది. దాని మూల కొంచెం సొట్టపడింది. ప్రసాద్ సంగతి తర్వాత చూశారు.

సుకుమారి నేలమీద కూలబడి మూత తీసింది. సీసా ఉంది. గరిటె ఉంది. ఐదు బొమ్మలు, గుడ్డలో చుట్టిన ఆరోది, ఉన్నాయి.

"ముఠా స్థావరం!" నడుము పట్టుకుని లేచాడు ప్రసాద్. "నేను చెప్పలా?"

"ఏంది స్థావరం?" చెంచురామయ్యకు కోపం వచ్చింది. "అమ్మా, ఆ గుండిగ మీ సార్ సమాధి కూడికకు పంపినదే. వ్యాన్‌లో వచ్చినదాన్ని వచ్చినట్టు పెట్టినాము. మూఢం పోయేదాకా మూతలు ఎవుడు తీస్తాడు?"

"పాత్రలు పాత్రలోనే ఉండాయన్నమాట," అన్నాడు దయాసాగర్.

ప్రసాద్ డబ్బాలోంచి దిక్సూచి తీసి చూశాడు. అదేమిటో సుకుమారి చెప్పింది. "వదినా, ఇది నాకిచ్చెయ్. ఇది చేతిలో ఉంటే నాకు తిరుగుండదు."

"దాని ముల్లుకూ తిరుగుడు లేదు ప్రసాద్," అని తీసేసుకుంది. ముల్లు ఎటు చూపిస్తోందో మాత్రం చూడలేదు.

శనివారం ఐదుగురూ వచ్చారు. చాప పరిచారు. ప్రసాద్ పిలవకుండానే వచ్చి, కేసు ఛేదించినవాడి హోదాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. హన్నమ్మ మంచినీళ్ళ బిందె దించి నడుము మీద చేతులు పెట్టుకుంది.

"ఇది చివరే గదా? ఇప్పుడు చెప్పొచ్చునా? కూడిక దినాన చాపలు పరిచేదానికి ఆ డబ్బా అడ్డమొచ్చింది. ఎవురన్నా తొక్కుతారని నేనే వాడకుండా మిగిలిన గుండిగలో పెట్టి, పనిలో మరిచిపోయినా. మొన్న గుర్తొచ్చి చెప్పబోతే ఈయన చెప్పనిస్తేనా!"

అందరూ ప్రసాద్ వైపు చూశారు.

"నిందితురాలు నేరం ఒప్పుకుంది," అన్నాడు ప్రసాద్. "క్షమించి వదిలేస్తాండా."

సుకుమారి ఆరో బొమ్మను ఒళ్ళో పెట్టుకుంది. ముడి గట్టిగా ఉంది. కత్తెర ఇవ్వబోతే వద్దంది. నిదానంగా గోటితో విప్పింది.

బొజ్జ. కాకీ చొక్కా. నెత్తిన ఓడ దొంగల టోపీ. చేతిలో భూతద్దం, అది కూడా తిరగేసి పట్టుకున్నాడు. మీసం ఒకపక్క పొడుగు, ఒకపక్క పొట్టి. బొమ్మ అడుగున ప్రేమానందం చేతిరాతలో ఒకటే మాట: కెప్టెన్.

ప్రసాద్‌కు ఈ ఆట సంగతి చెప్పొద్దని భర్త ఎందుకు పట్టుబట్టాడో ఆమెకు ఇప్పుడు తెలిసింది. నెలల తరబడి ఆమె తనదనుకుని, రాత్రిళ్ళు చేతిలో పట్టుకుని, విప్పకుండా కాచింది ఈ మీసాన్ని. ముందు చిన్న దగ్గులాగా వచ్చింది. తర్వాత ఆపుకోలేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. ఫిబ్రవరి తర్వాత ఆ ఇంట్లో అంత నవ్వు అదే మొదలు.

ప్రసాద్ బొమ్మను చేతుల్లోకి తీసుకున్నాడు. అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు.

"మీసం సరిగ్గా ఏయలేదు అన్న," అన్నాడు చివరికి. చెయ్యి దానంతటదే తన మీసం మీదికి పోయింది. పొట్టిగా ఉన్న వైపుకే.

"ఓడను వీడి చేతిలో పెట్టిపోయినాడా?" దయాసాగర్ తల పట్టుకున్నాడు. "ఇంక తేలినట్టే మనం!"

ప్రసాద్ కెప్టెన్‌ను చాప మధ్యన నిలబెట్టి, అప్పుడు గమనించాడు. ఐదు బొమ్మలు ఐదుగురి ముందు ఉన్నాయి. సుకుమారి ముందు పాచికలు మాత్రమే ఉన్నాయి.

"మరి నీ పాత్ర ఏది వదినా?"

"కథ నడిపేవాళ్ళకు బొమ్మ ఉండదు." ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, చాప మీద ముడతను అరచేత్తో సాపు చేసింది. "నాది సముద్రం."

"నాకు ఈత రాదే!"

"తెలుసు," అని పాచికలు అతని చేతిలో పెట్టింది. "వెయ్యి కెప్టెన్."