నోటితో పీల్చే పోస్టు

జిల్లా ఫ్లెక్సీ ముద్రణాలయంలో పెద్ద మిషను వాక్యూమ్ పంపు చెడిపోయి ఏడేళ్లయింది, అప్పట్నుంచీ ఆ పంపు పని ఆపరేటరు సన్యాసిరావే నోటితో చేస్తున్నాడు. పదింటికొచ్చి సంతకం పెట్టి, మిషను వెనక స్టూలెక్కి, ట్యూబు నోట్లో పెట్టుకుంటాడు. ఐదింటి దాకా ఒకటే పీల్చుడు. పీల్చిన గాలంతా ఎక్కడికి పోతోందని ఎవరూ అడగలేదు. ఆ ఆఫీసులో అంతకన్నా పెద్దవే ఎక్కడికో పోతుంటాయి.

పని నాజూకైనది. సిరా డబ్బా పైన, సన్న రంధ్రాలు కింద. పైనుంచి కొద్దిగా పీలుస్తూ ఉంటేనే సిరా రంధ్రం అంచున బుద్ధిగా నిలబడి, పిలిచినప్పుడు మాత్రమే చుక్కగా దూకుతుంది. పట్టు సడలితే కారిపోతుంది. గట్టిగా పీలిస్తే రంధ్రాల్లోకి గాలి దూరి బొమ్మలో తెల్లగీతలు పడతాయి. ఒకసారి సన్యాసిరావుకి నవ్వొచ్చి ఒక చైర్మనుగారికి మూడో కనుబొమ్మ మొలిచింది. ఇంకోసారి ఆవులింతొచ్చి ఒక సభ్యుడిగారి పళ్లు పోయాయి. రెంటికీ మెమోలొచ్చాయి.

కొత్త పంపు వచ్చి మూడేళ్లు. దాని అట్టపెట్టె మీద సూపరింటెండెంటు కామేశ్వరి మేడం టీ ఫ్లాస్కు పెట్టుకుంటుంది. బిగించడానికి నిబంధన ఒక్కటే: ఆపరేటరు విధి నిర్వహణలో ఉండగా, అధికారి ఎదుట, స్వయంగా నోటితో అడగాలి. మధ్యాహ్నం అరగంట ట్యూబుకి క్లిప్పు పెడతారు గానీ, ఆ అరగంట అధికారికీ భోజనమే.

"నోరు తెరిచి అడగవేటి?" అని భార్య సింహాచలం రోజూ పోరేది. ఆవిడ వార్డు ఆఫీసులో గుమస్తా. "డాక్టరుగారేటన్నారు? ఇంకో ఏడాది ఇలాగే పీలిస్తే మనిషివి దక్కవన్నారు."

బుధవారం మంత్రిగారు తనిఖీకొచ్చారు. "అయ్యా, పంపు బిగించండి." ఈ మూడు మాటలూ సన్యాసిరావు వారం నుంచీ స్నానాలగదిలో వల్లెవేశాడు. ఆ సమయానికి మిషను మీద మంత్రిగారిదే ఇరవై అడుగుల ముఖం అచ్చవుతోంది. ముక్కు దాకా వచ్చింది.

"ఏమయ్యా, ఇబ్బందులేమైనా ఉన్నాయా?" అన్నారు మంత్రిగారు.

సన్యాసిరావుకి ఆనందంతో ఒళ్లు తేలిపోయింది. పెదవులు విడదీశాడు. రంధ్రం అంచున నల్లటి చుక్క ఒకటి ఉబ్బింది, సరిగ్గా మంత్రిగారి ముక్కు మీద. కామేశ్వరి మేడం ఊపిరి బిగబట్టింది. వెనకున్న పన్నెండుమంది అధికారులూ బిగబట్టారు. అందరి కళ్లూ చుక్క మీదే.

సన్యాసిరావు నోరు మూసుకున్నాడు. చుక్క వెనక్కి పోయింది.

"చూశారా, ఒక్క ఫిర్యాదు లేదు!" అని మంత్రిగారు మురిసిపోయి అతని భుజం తట్టారు. "ఈ పద్ధతి అన్ని ఆఫీసుల్లోనూ పెట్టండి."

మర్నాడు సాయంత్రం సింహాచలం చేతిలో ట్యూబుతో ఇంటికొచ్చింది.

"మీ ఆఫీసులో మిషనెక్కడిది?" అన్నాడు సన్యాసిరావు.

"లేదు. పదింటికి నోట్లో ఎట్టుకోమన్నారు, ఐదింటికి తియ్యమన్నారు. అంతే."

ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. కళ్లు తుడుచుకుని సన్యాసిరావు పని నేర్పడం మొదలెట్టాడు. "గట్టిగా వద్దు. సన్నగా, ఆగకుండా." ఆవిడకి తొందరగానే పట్టుబడింది.

నోరు తెరిచి అడగవేటని ఆ తర్వాత ఎప్పుడూ అనలేదు.