కోయిలకుంట్ల శివకుమారికి శాలువా

మొగుడి సెల్లులో తాను ఇంకొకరి పెండ్లామై ఉండటం చూసి అంజలి చేతిలోని గరిటె ఠంగున కింద పడింది.

ఫొటోలో ఉన్నది ముమ్మాటికీ తనే. పచ్చచీర, నవ్వుమొహం, పక్కన పిండి రుబ్బే గ్రైండరు. కింద మాత్రం 'శివకుమారి, భర్త వీరభద్ర, కోయిలకుంట్ల' అని ఉంది. వేలితో పైకి తోసింది. నీలంచీరలో తనే, నందికొట్కూరు శివజ్యోతి. ఎర్రచీరలోనూ తనే, బనగానపల్లె యామిని.

"ఏమయ్యోవ్! ఈ వీరభద్ర ఎవడు?"

గడ్డం గీసుకుంటున్న హనుమేష్ సగం మొహం నురగతో పరిగెత్తుకొచ్చాడు. సెల్లు చూశాడు. మిగతా సగమూ తెల్లబడింది.

హనుమేష్ కర్నూల్లో గ్రైండర్లు అమ్ముతాడు. అతని మేనేజరు జయరాజ్ కడపలో ఉంటాడు. గంటకోసారి ఫోన్ చేస్తాడు కాబట్టి స్టాఫంతా చాటుగా గంటల జయరాజ్ అంటారు. రోజుకో కొత్త ఇంట్లో గ్రైండరు ఆడించి చూపాలి, ఆ ఇల్లాలితో ఫొటో దించి గ్రూపులో పెట్టాలి. లేకుంటే ఇంటికి పంపిస్తానని ఆయన బెదిరింపు. కానీ కర్నూలు ఎండలో గ్రైండరు మోసుకుని తలుపు తడితే, చెంబెడు నీళ్లిచ్చేవాళ్లున్నారు గానీ లోపలికి రానిచ్చేవాళ్లు లేరు. అందుకే ఈ ఉపాయం. గ్రూపులో రోజూ పడే ఫొటోల గుట్టలో మొహాలెవరు పోల్చి చూస్తారని ధీమా.

"అంటే, దినామ్మూ సాయంత్రం మంచి చీర కట్టుకో, పూలు పెట్టుకో, నవ్వు అంటివే..."

"ఫొటో బాగా రావాలని."

"నా మొగునికి ఇన్నేండ్లకు నామీద ప్రేమ పుట్టిందని మా అమ్మకు గూడా చెప్పుకుంటి గదయ్యా!"

అంతలో ఫోన్ మోగింది.

"హనుమేషూ! కోయిలకుంట్లలో ఉండా. శివకుమారమ్మ ఫొటో మన ఓనరుకు శానా నచ్చింది. సన్మానానికి శాలువా తెచ్చినా. ఇల్లు యాడప్పా?"

హనుమేష్ బుర్ర పనిచేయడం మానేసింది. నోరు మాత్రం మానలేదు.

"ఆయమ్మ ఊర్లో లేదు సార్! కర్నూల్లో చెల్లెలింటికి వచ్చుండాది."

"ఇంకా మేలు. అడ్రస్ చెప్పు."

ఇంకేదీ గుర్తురాక సొంతింటి అడ్రసే చెప్పేశాడు. జయరాజ్ ఎన్నడూ ఈ గుమ్మం తొక్కలేదన్నదొక్కటే దిలాసా.

"అంజూ, నీ కాళ్లు పట్టుకుంటా. ఈ ఒక్కపూట శివకుమారివి కా. లేకుంటే ఉద్యోగం ఊడుతుంది."

"ఏ చీర?"

"ఆఁ?"

"ఆ మహాతల్లి ఏ చీర కట్టిందని అడుగుతాండా."

జయరాజ్ కారు ఆగేసరికి వీధి వీధంతా గుమ్మంలో ఉంది. పచ్చచీరలో అంజలి అందరి ముందూ గ్రైండర్లో పూర్ణం వెన్నలా రుబ్బింది. ఓళిగలు కాల్చింది. "అంజ..." అనబోయిన ఎదురింటి కృష్ణవేణమ్మ నోటికి హనుమేష్ వేడివేడి ఓళిగ అడ్డం పెట్టాడు. జయరాజ్ ఇచ్చిన శాలువా కప్పుకుని మరీ అంజలి వడ్డించింది.

"మీ ఆయన వీరభద్ర రాలేదామ్మా?" అన్నాడు జయరాజ్, నెయ్యి నాకుతూ.

"ఆయప్ప సంగతి అడగొద్దు సార్. సేల్సులో ఉండాడు. పైన ఒక మేనేజరుండాడంట. ముద్ద నోటికాడ పెట్టుకుంటే ఫోను. స్నానానికి పోతే ఫోను. నిద్రలో గూడా 'టార్గెట్ అయితాది సార్' అని కలవరిస్తాడు."

"ఎవడమ్మా ఆ రాక్షసుడు?"

"మరీ రాక్షసుడేం గాదులే సార్. ఓళిగలు తినే మనిషే."

జయరాజ్‌కు ఎందుకో పొలమారింది. గండం గట్టెక్కిందని హనుమేష్ ఉత్సాహంగా లేచాడు. "ఇంక పోదామా సార్?"

"పోదాం పద. నందికొట్కూరు శివజ్యోతమ్మను గూడా చూసిపోదాం."

హనుమేష్ లేచినంత వేగంగా కూలబడ్డాడు.

"ఆయమ్మా ఈడనే ఉండాది సార్. పిల్చుకొస్తా ఉండండి," అంది అంజలి.

లోపలికి పోయింది. నీలంచీరలో బయటికొచ్చింది.

"నమస్తే సార్, శివజ్యోతిని. యామిని గూడా కావల్లంటే కొంచెం ఆలస్యమైతాది. ఎర్రచీర ఇస్త్రీ లేదు."

జయరాజ్ సెల్లు చూశాడు. అంజలిని చూశాడు. తర్వాత చాలాసేపు హనుమేష్‌ను చూశాడు.

అప్పటికి కృష్ణవేణమ్మ ఓళిగ మింగి నోరు ఖాళీ చేసుకుంది. "సార్, ఈ మిషను మాకెప్పుడిస్తారు? మీ హనుమేష్ పెండ్లాం, మా అంజలి రుబ్బినట్లే రుబ్బల్ల." ఆమె వెనక ఇంకో ఇద్దరు "మాక్కూడా" అన్నారు.

జయరాజ్ ముగ్గురి ఆర్డర్లూ రాసుకున్నాడు.

"నెలంతటికీ నిజమైన డెమో ఇదొక్కటే. అది గూడా నీ పెండ్లాం చేసింది. ఉద్యోగం ఉంచుతాలే హనుమేషూ. గంటగంటకూ ఫోను గూడా చెయ్యను. కానీ..." అంటూ గ్రూపులో వీడియో కాల్ పెట్టి సెల్లు అతని మొహానికి తిప్పాడు. "ఈ ఆడోళ్లంతా ఎవురో అందరికీ నీ నోటితోనే చెప్పల్ల."

హనుమేష్ బిక్కమొహంతో అంజలి వైపు చూశాడు. ఆమె శాలువా సర్దుకుని, ఫొటోల్లో నవ్వినట్టే నవ్వుతోంది.

"ఎండకు ఎవరూ తలుపు తీయకపోతే, ఇంట్లోనే ఊర్లన్నీ తిరిగినా సార్. కోయిలకుంట్ల శివకుమారి, నందికొట్కూరు శివజ్యోతి, బనగానపల్లె యామిని... అందరూ నా పెండ్లామే. నేను కట్టుకున్నది మాత్రం ఈమె ఒక్కదాన్నే సార్!"